మెర్విన్ పట్టాల్సిన ఒక్క చేప

ఆస్టోరియా
ఆగస్టు 4, 1986

ఒరే వెండెల్,

నీ ట్రైలరులో ఫోను లేదు. పెట్రోలు బంకు దగ్గరికి పిలిపించి మాట్లాడినా నీ రెండో మాటకే నేను పెట్టేస్తానని మనిద్దరికీ తెలుసు. ఉత్తరమైతే చివరిదాకా చదవక తప్పదు.

కూర్చుని చదువు. నేను పెళ్ళి చేసుకుంటున్నాను. ఆయన పేరు మెర్విన్ స్టౌట్. సేలంలో కళ్ళద్దాల దుకాణం నడిపి నడిపి ఈమధ్యే మూసేశాడు. భార్య పోయి చాలాకాలమైంది. తాగడు, అరవడు, చర్చిలో పాట శ్రుతి తప్పకుండా పాడతాడు. ఇక్కడి ఆడవాళ్ళంతా నా అదృష్టం చూసి మురిసిపోతున్నారు. నా కూతురు ఐలీ అయితే నన్నడక్కుండానే చర్చి హాలు మాట్లాడేసింది, అక్టోబరు పదకొండుకి. పెళ్ళయ్యాక ఈ ఇల్లు అమ్మేసి అరిజోనా పోదామంటున్నాడు. ఆయన కీళ్ళకి అక్కడి ఎండ మంచిదట. కాబట్టి ఏటా చలికాలం నువ్వొచ్చి దూరే నేలమాళిగ గది ఇక ఉండదు. ముందే చెబుతున్నా, తర్వాత నా మీద పడి ఏడవకు.

అసలు పని ఇది. ఆయన వాగుల్లో ట్రౌట్లు పట్టాడుగానీ, సముద్రం దాకా పోయి తిరిగొచ్చే స్టీల్‌హెడ్‌ని ఒక్కదాన్నీ పట్టలేదు. అదొక్కటే కోరిక మిగిలిందట. "ఆ ముచ్చట పెళ్ళికి ముందే తీర్చుకోండి. ఒక్క చేప పట్టుకురండి, ఉంగరం తొడిగించుకుంటా" అని నలుగురి ముందు అనేశాను. ఆయన దాన్ని ఒట్టులా పట్టుకున్నాడు. చేప లేకుండా రాడు, చేప రాకుండా పెళ్ళి లేదు. మా తమ్ముడు వచ్చినవాళ్ళకి ఆ చేపలు పట్టించే పని మీద ఏటి గండిలోనే పుట్టి పెరిగినట్టు బతుకుతున్నాడు, ఎరా పడవా అన్నీ వాడివే అని చెప్పి నీ దగ్గరికి పంపిస్తున్నా.

ఒక్క చేప పట్టించి పంపు. నీ కోతి చేష్టలు ఆయన దగ్గర వద్దు.

నీ అక్క,
వెర్లా


మాపిన్
ఆగస్టు 14

అక్కా,

నీ ఉత్తరం చదివాక ఆరెగాన్ రాష్ట్రంలోని నేలమాళిగలన్నీ నా కళ్ళ ముందు తిరిగాయి. వాటిలో ఒక్కదానిలోనైనా నాకు మంచం వేసే అక్క కనబడలేదు. సరే, శుభం. ఆర్వో బావ పోయిన ఆరేళ్ళకి నీకు ఎండ మీద మోజు పుట్టింది. నాకు ఇక్కడ ఎండ కావలసినంత ఉంది, పంపమంటే బస్తాల్లో పంపేవాణ్ణి కదా.

సోమవారం దిగాడు నీవాడు. చొక్కాకి లెక్కలేనన్ని జేబులు, ప్రతి జేబులో ఒక డబ్బా, ప్రతి డబ్బాలో ఇంకో చిన్న డబ్బా. ఈ గండిలో నల్లరాతి గోడలూ సేజ్ పొదలూ తోక గలగలలాడించే గిలకపాములూ తప్ప ఏమీ లేవని చెప్పలేదా నువ్వు? ఇస్త్రీ పెట్టె తెచ్చాడు! డేరాలో ఇస్త్రీ ఎలా చేస్తాడో చూద్దామని నేనూ ఏమీ అనలేదు.

మొదటిరోజు చీకటితోనే లేపి ఏట్లో నిలబెట్టాను. ఇక్కడ పడవలో కూర్చుని గాలం వేయడం కుదరదు, చట్టం ఒప్పుకోదు. తొడల్లోతు నీళ్ళలో దిగి నిలబడాలి. కింద రాళ్ళు వెన్న పూసినట్టుంటాయి. పడ్డాడు. లేచాడు. నా వైపు చూసి "క్షమించండి" అన్నాడు. ఏటికి క్షమాపణ చెప్పే మనిషిని ఇన్నేళ్ళలో నేనిదే చూడటం.

"చేప లాగితే ఏం చెయ్యాలి?" అనడిగాడు.

"ఏం చెయ్యకూడదు బావగారూ. మీ ట్రౌటుకైతే కర్ర ఎత్తుతారు. దీనికి ఎత్తారా, పోయినట్టే. అది లాక్కుంటూ పోవాలి, మీరు దిష్టిబొమ్మలా నిలబడాలి."

"ఏమీ చెయ్యకూడదా?"

"ఒకసారి కాపురం చేసినవారేగా. అలవాటై ఉండాలి."

నవ్వలేదు. కానీ చెప్పింది చెప్పినట్టు చేస్తాడు, అది మాత్రం ఒప్పుకోవాలి. ఎండ గోడ దిగి నీళ్ళ మీద పడేలోపే చేప లాగింది. రీలు కీచుమంది. వాడు ఊపిరి కూడా బిగబట్టి నిలబడ్డాడు. తర్వాత దారం వదులైపోయింది. చేప లేదు. బుధవారం మళ్ళీ అంతే. ఈ రోజూ అంతే.

దురదృష్టం అక్కా. ఎరలు స్వయంగా నా చేత్తో ఈకలు చుట్టి కట్టినవే. ఒక్కొక్కటీ పటకారుతో సరిచూసి మరీ ఇస్తున్నా. అంతకన్నా ఏం చెయ్యగలను?

ఇల్లూవాకిలీ లేకుండా పోబోతున్న
నీ తమ్ముడు


ఆస్టోరియా
ఆగస్టు 22

వెండెల్,

"వాడు, వీడు" ఏమిట్రా? నీకన్నా పదేళ్ళు పెద్ద. ఆయన అను.

వరసగా మూడుసార్లు లాగి మూడుసార్లూ పోయిందా? నేను చేపల వాడి పెళ్ళాన్ని. ఆర్వో వలలోంచి జారిపోయినవి నాకు తెలుసు, జార్చినవీ తెలుసు. ఆ పోర్ట్‌లాండు లాయరు సంగతి నువ్వే కదా నవ్వుతూ చెప్పావు? నిన్ను పడవవాడా అని పిలిచాడని, వాడి కొక్కేనికి మొన పటకారుతో పుటుక్కున తుంచేసి, రోజంతా బోడి కొక్కెంతో ఏరు దువ్వించావు. చేపలు లాగుతూనే ఉన్నాయి, వదిలేస్తూనే ఉన్నాయి, లాయరు తల బాదుకుంటూనే ఉన్నాడు. అలాంటి పని నీ కాబోయే బావకి చెయ్యవని నాకు తెలుసు. చెయ్యవు కదా?

ఇక్కడ ఐలీ కేకు కూడా చెప్పేసింది. నిన్న చర్చిలో ముగ్గురు ఆపి "చేప పడిందా?" అని అడిగారు. పెళ్ళికి రోజులు ఎన్నున్నాయి అని ఎవరూ అడగటం లేదు. నా పెళ్ళి ఊరికి చేపల పందెమైపోయింది.

తొందరగా కానివ్వు.

వెర్లా

ఆయనకి బ్రెడ్డు మీద వెన్న పడదు. అజీర్తి.


మాపిన్
ఆగస్టు 31

అక్కా,

ఎంత మాటన్నావు! సొంత బావకి బోడి కొక్కెం ఇస్తానా నేను? నీ చర్చి మీద ఒట్టు. నేను ఆ చర్చిలో అడుగుపెట్టి చాన్నాళ్ళయింది కాబట్టి ఒట్టు కొంచెం పాతదనుకో, అయినా ఒట్టు ఒట్టే.

ఇక సంగతులు. మీవాడు, సరే ఆయనే, ఇక్కడే ఉన్నాడు. వారానికని వచ్చినవాడు కదలడం లేదు. నాకు వేరే అతిథులొచ్చిన రోజుల్లో ఊరికే కూర్చోలేక డేరాలు వేస్తాడు, కాఫీ కాస్తాడు. నిన్న సియాటిల్ నుంచి వచ్చిన డాక్టరుగారు ఆయన చేసిన బీన్సు తిని, "మీ వంటమనిషిని ఎక్కడ పట్టావు?" అని నన్ను పక్కకి పిలిచి అడిగాడు. మా అక్క పట్టింది అన్నాను.

ఇంకోటి విను. పొద్దున బండ మీద గిలకపాము చుట్టుకుని ఉంది. నేను తెడ్డు ఎత్తాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, "అది మనకన్నా ముందొచ్చింది. మనమే అవతల దిగుదాం" అన్నాడు. పాముకి ముందు వంతు ఇచ్చాడు! నిజానికి ఈ ఏటి మర్యాద అదే, ముందొచ్చినవాడి దిగువన దూరకూడదు. కానీ పాములకి కూడా వర్తిస్తుందని నాకు తోచనే లేదు.

చేప ఇంకా పడలేదు. లాగుతున్నాయి, పోతున్నాయి. ఒకదాన్నయితే గట్టు దగ్గరిదాకా చూశాం, వెండి పలకలా ఒరిగి మెరిసి మాయమైంది. ఆయన ఒక్క తిట్టు తిట్టలేదు. పైగా "బ్రహ్మాండం" అన్నాడు. తిట్టని మనిషిని ఏడిపించడం, అదే, ఓదార్చడం ఎంత కష్టమో నీకు తెలీదు.

సముద్రంలోంచి నదిలోకి ఎక్కుతూ నీ కిటికీ ముందు నుంచి ఈదుకుంటూ పోయే చేపలే కదా కొన్ని వారాలకి నా దగ్గరికి చేరేవి. కాస్త వాటికి నచ్చజెప్పి పంపు.

నిరపరాధి
వెండెల్


ఆస్టోరియా
సెప్టెంబరు 9

వెండెల్,

నీ వేళాకోళాలకి నవ్వే ఓపిక లేదు.

రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు. మంచం మీద పడుకుని కప్పు చూస్తూ ఉంటాను. ఐలీ పెళ్ళి గౌను కొలతలకి రమ్మంటే తలనొప్పి అని చెప్పాను. తిండి సయించడం లేదు. టపా మనిషి వచ్చే వేళకి గుండె దడదడలాడుతుంది, ఈరోజేం వార్త వస్తుందోనని. మెర్విన్ నాకు రెండ్రోజులకో కార్డు రాస్తున్నాడు. "ఈరోజూ చేజారింది, నన్ను మన్నించు" అని. అది చదివి కుర్చీలో కూలబడతాను.

ఈ వయసులో ఇదంతా ఏమిటో నాకే అర్థం కావడం లేదు. అక్టోబరు పదకొండు వచ్చేస్తోంది. ఆయన అక్కడే ఉన్నాడు కదా? ఈ వారంలో పడేలా ఉందా? నిజం చెప్పు.

వెర్లా


మాపిన్
సెప్టెంబరు 18

అక్కా,

నీ ఉత్తరం పడవలో కూర్చుని చదివాను. ఎదురుగా ఒడ్డున మెర్విన్ బావ పాత చొక్కాలకి బొత్తాలు కుట్టుకుంటున్నాడు. అవి ఆయనవి కావు. నావి.

అక్కా, నేను కుక్కని. నువ్వనుకున్నదే నిజం. మొదటి రోజు నుంచీ ఆయనకిచ్చిన ప్రతి ఎరకీ కొక్కెం మొన తుంచేసే ఇచ్చాను. చేప పడకపోతే పెళ్ళుండదు, పెళ్ళి లేకపోతే ఇల్లమ్మవు, ఇల్లమ్మకపోతే చలికాలం నాకు వెచ్చటి మంచం. ఇంతే నా బుర్ర. నువ్వు అక్కడ తిండీ నిద్రా మానేసి ఆయన కోసం బెంగపెట్టుకున్నావని తెలిస్తే చేసేవాణ్ణి కాదు. నువ్వు ఆర్వో బావ పోయినప్పుడు కూడా తిండి మానలేదు. అందరికీ వండి పెట్టావు.

పోనీ ఆయన చెడ్డవాడైనా బాగుండేది. మొన్న రాత్రి జ్వరం తగిలితే నా నుదుటిమీద తడిగుడ్డ వేసి, "మీ అక్కకి చెప్పనులే, కంగారుపడుతుంది" అన్నాడు. ఇలాంటి మనిషి అరిజోనాలో నీ పక్కన కూర్చుని ఎండ కాచుకుంటాడంటే నాకు ఒకలాంటి సంతోషమే. నా మంచం సంగతి దేవుడు చూసుకుంటాడు.

ఈరోజు నుంచి ఆయన కొక్కేలన్నీ కొత్తవి. ఒక్కొక్కటీ ఆకురాయి మీద నూరి, గోటి మీద గీసి, గీత పడిందని చూసుకుని మరీ కట్టాను. గౌను కుట్టించుకో. నీ బావని, అదే, నా బావని నేను పంపిస్తాను.

సిగ్గుతో
వెండెల్


ఆస్టోరియా
సెప్టెంబరు 23

ఓరి మూర్ఖుడా,

మొన ఎవరు పెట్టమన్నార్రా నిన్ను?

ఈ ఉత్తరం అందిన క్షణం పటకారు తీసుకో. మళ్ళీ తుంచు. అన్నీ తుంచు.

ఇప్పటిదాకా చెప్పనిది చెబుతున్నా విను. నాకీ పెళ్ళి వద్దు. మొదటినుంచీ వద్దు. బెంగ ఆయన కోసం కాదు, చేప పడుతుందేమోనని! టపా వస్తే గుండె దడ అందుకే. ఆర్వోతో ముప్పైనాలుగేళ్ళు చేశాను. మంచి కాపురమే. ఆయన పోయాక మొదటి ఏడాది గోడలు మీద పడ్డట్టుండేది. తర్వాత ఒక రోజు పొద్దున్నే కాఫీ కలుపుకుని, ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు, ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు అని తోచింది. ఆ కాఫీ రుచి ఇంకా నోట్లో ఉంది. దాన్ని వదులుకోలేను.

మరి వద్దని చెప్పొచ్చుగా అంటావు. ఏమని చెప్పను? తాగుబోతైతే చెప్పొచ్చు. పిసినారైతే చెప్పొచ్చు. ఏ వంకా లేని మనిషికి ఏ వంక పెట్టి కాదనాలో ఎవరూ నేర్పలేదు. ఐలీ మురిసిపోతోంది, చర్చి అంతా మురిసిపోతోంది, ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. అప్పుడే చేప షరతు నోటికొచ్చింది. ఏ మనిషినైనా వట్టి చేతులతో తిప్పి పంపాలంటే ఈ భూమ్మీద నిన్ను మించినవాడెవడు? అందుకే నేలమాళిగ పోతుందని ముందే చెప్పాను. పట్టించి పంపు అంటే నువ్వు పట్టించవని తెలుసు. సరిపోదేమోనని ఆ లాయరు కథ కూడా గుర్తుచేశాను. పుట్టి బుద్ధెరిగాక నువ్వు ఒక్క మంచిపని చేశావు, అదీ నా కొంప ముంచడానికి.

పటకారు. వెంటనే.

వెర్లా


మాపిన్
సెప్టెంబరు 24

అక్కా,

పడింది!

నీ జవాబు కోసం ఆగకుండా ఈ ఉత్తరం బావ చేతికే ఇచ్చి పంపిస్తున్నాను. చేపతో పాటే నీ గుమ్మంలో ఉంటాడు.

మొత్తం విను. మొన్న రాసిన దగ్గర్నుంచీ నాకు పిచ్చెక్కింది. సూదుల్లాంటి కొక్కేలు కట్టిస్తున్నానా, చేపలు లాగుతూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి! నా పాపం నన్నిలా తగులుకుందనుకున్నాను. ఇన్నేళ్ళ పని మీద అనుమానమొచ్చింది. కట్టు సరిగా లేదా, దారం పాతదా, ఏటికే నా మీద కోపమా. ఈ పొద్దున ఇక లాభం లేదని ఆయన కర్ర లాక్కుని నాది చేతిలో పెట్టాను. నా కర్ర, నా దారం, నేను నాకోసం కట్టుకున్న ఊదారంగు ఎర.

"వద్దు వెండెల్, నాకు నాదే అలవాటు" అన్నాడు.

"బావా, మాట్లాడకు. వెయ్యి."

"నిజంగా, నాదే..."

"వేస్తావా, నెట్టమంటావా?"

వేశాడు. ఎర అడ్డంగా ఊగుతూ వెళ్ళి గోడ నీడ అంచుకి చేరింది. ఆవలి ఒడ్డున గూడ్సు బండి పోతోంది, ఆ చప్పుడులోనూ రీలు అరుపు వినిపించింది. చేప మూడుసార్లు గాలిలోకి లేచింది. బావ ముఖం పాలిపోయింది. "ఇది వదలడం లేదు" అన్నాడు, నమ్మలేనట్టు. "వదలదు, పట్టుకో!" అని నేను నీళ్ళలో గెంతుతున్నా. గట్టుకి తెచ్చి చూస్తే వీపు మీది చిన్న రెక్క కత్తిరించి ఉంది. అది పెంపకపు చేపకి గుర్తు, ఇంటికి తీసుకెళ్ళొచ్చు. అడవి చేపైతే వదిలేయాల్సొచ్చేది, అప్పుడు నువ్వు సాక్ష్యం అడిగేదానివి.

బావ బండ మీద కూలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు. ఆనందం అంటే అదీ అక్కా. నాకూ ఏడుపొచ్చింది.

హాలూ కేకూ గౌనూ అన్నీ సిద్ధంగా ఉంచు. జీవితంలో ఒక్కసారైనా నీకు పనికొచ్చాను.

గర్వంగా
నీ తమ్ముడు


ఆస్టోరియా
సెప్టెంబరు 30

వెండెల్,

గుమ్మంలో ఐసు పెట్టె పట్టుకుని నిలబడ్డాడు, చావింటికి పరామర్శకొచ్చినట్టు.

"పట్టాను వెర్లా" అన్నాడు.

"కనబడుతోంది" అన్నాను.

"కావాలని కాదు."

నాకర్థం కాలేదు. లోపలికి రమ్మని కాఫీ ఇచ్చాను. కప్పు తిప్పుతూ తిప్పుతూ చెప్పాడు. మీ తమ్ముడు మొనలు తుంచుతున్నాడని రెండోరోజే చూశానన్నాడు. జీవితమంతా భూతద్దంలోంచి చూసినవాణ్ణి, మొన లేని కొక్కెం కనబడదా అన్నాడు. చూసి ఊరుకున్నాడట. హాయిగా ఉందట. చేప లాగుతుంది, ఒళ్ళు జల్లుమంటుంది, పెళ్ళి మాత్రం దగ్గరపడదు! ఆయనదీ నాలాంటి చిక్కే. నాలాంటి ఆడమనిషికి ఏ వంక పెట్టి కాదనాలో తెలియలేదట. అరిజోనా అంటే నేనే వద్దంటానని ఆ మాట అన్నాడట. నేను తలూపేశాను.

నువ్వు బుద్ధి తెచ్చుకుని పదునైనవి కట్టించిన దగ్గర్నుంచి, నువ్వు అటు తిరగ్గానే రాయికేసి కొట్టి తనే మొన విరుస్తున్నాడు. నువ్వు నీ కర్ర చేతికిచ్చిన రోజు ఆ వీలు దొరకలేదు. బండ మీద కూర్చుని ఏడ్చింది ఆనందం కాదురా.

నాదీ అదే కథ అన్నాను. ఇద్దరం నవ్వాం. కాఫీ ఒలికిపోయేలా నవ్వాం. ఆ చేపని వాసనకి సోయికూర వేసి కాల్చాను, తిన్నాం. గిన్నెలు ఆయనే కడిగి, నా చెయ్యి పట్టుకుని ఊపి, సేలం వెళ్ళిపోయాడు. తలుపు వేసుకుని అప్పుడు ఏడ్చాను. ఎందుకని అడక్కు. వద్దని నేననాలి. రాత్రుళ్ళు కూర్చుని ఆయన నొచ్చుకోకుండా మాట మాట పేర్చుకున్నాను. ఆయనే ముందు అనేశాడు. నేను వద్దనుకున్న మనిషే నన్ను వద్దంటే ఇంత రోషం ఎందుకొచ్చిందో నాకే తెలీదు. ఐలీ నాతో మాట్లాడటం లేదు. కేకు మాత్రం ముందే చేసి పంపేశారు, ముక్క ఫ్రీజరులో ఉంది.

ఆయన కోసం పేర్చుకున్న మాటలు అలాగే మిగిలిపోయాయి. పారెయ్యడమెందుకు, నీకు వాడుతున్నా. వెండెల్, నువ్వు మంచివాడివి. నీలో నాకు ఏ లోపమూ కనబడదు, అంటే కనబడతాయి, లెక్కపెట్టను. కానీ ఈ చలికాలం నా ఇంట్లోకి రావద్దు. తడి బూట్లు, గచ్చు మీద ఈకలు, తెల్లారకముందే ఉల్లిపాయల వేపుడు, ఏటా వద్దనాలని నోటిదాకా వచ్చి మింగేశాను. ఈసారి మింగను. వద్దు. ఎంత బాగుందిరా ఈ మాట.

సేలంలో మెర్విన్‌కి ఖాళీ గది ఉందట. నువ్వొస్తావా అని అడగమన్నాడు. అడిగాను.

వెర్లా


సేలం
నవంబరు 19

అక్కా,

నీ కార్డు అందింది. ఇల్లు బాగానే ఉంది, కాస్త నిశ్శబ్దంగా ఉంది, థాంక్స్‌గివింగ్‌కి టర్కీ కోడి పెద్దది తెచ్చాను, ఒక్కదాన్నే తినలేను, అని రాశావు. ఐలీ కూడా అలక మాని వస్తోందన్నమాట, మంచిది.

ఇక్కడ నా కష్టాలు విను. బూట్లు బయటే వదలాలి. వంటింట్లో పొగాకు నమలకూడదు. మంచం దుప్పటికి కూడా ఇస్త్రీ! ఇంటికెవరొచ్చినా ఆయన ఆ చేప కథ మొదలుపెడతాడు. మొన విరిచిన సంగతి ఒక్కటి వదిలేసి మిగతాదంతా చెబుతాడు. నేను పక్కన కూర్చుని ఔననాలి. నిన్న పక్కింటావిడ "మీరిద్దరూ అన్నదమ్ములా?" అంది. "కాదు, పెళ్ళి తప్పిపోయిన వియ్యాలవారం" అన్నాను. ఆవిడ తలుపు నెమ్మదిగా వేసుకుని వెళ్ళిపోయింది.

ఉల్లిపాయలు వేయించాలంటే మాత్రం ఆయన పెరట్లో పొయ్యి పెట్టి ఇచ్చాడు. గొడుగు కూడా పట్టాడు.

వస్తాం. పండగ గురువారం మధ్యాహ్నానికి ఉంటాం, చీకటి పడకముందే బయలుదేరతాం. బావ అని పిలవడం అలవాటైపోయింది, మీ ఐలీ ముందు నోరు జారితే ఏమీ అనుకోవద్దని చెప్పు. భోజనమయ్యాక రాత్రికి ఉండిపొమ్మని మాత్రం అనకు అక్కా. అంటే ఉండిపోతాం. కాదనడం ఆయనకీ రాదు, నాకూ రాదు. మన ముగ్గురిలో అది నేర్చుకున్నది నువ్వొక్కదానివే, అదీ నెలన్నర కిందట.

గురువారం వచ్చే
వెండెల్